సొరుగులో నాలుగు

పదకొండో రోజు.
ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి వీల్లేదు.
ముప్ఫై ఏళ్ళుగా నేను సిగరెట్ తాగుతానని
కుతైసీ ఊళ్ళో తెలిసినవాడు ఒక్కడే,
మా రొట్టెల కొట్టు పక్కన చెప్పులు బాగుచేసే వాజా.
తాగనే తాగనిది
మానేసిందని ఎవరు మెచ్చుకుంటారు?

మా వీధిలో ఆడదాని నోట్లో సిగరెట్ కనబడితే
తెల్లారేసరికి రియోనీ నది అవతలి ఒడ్డుకు కూడా తెలుస్తుంది.
అందుకని పెట్టె అతని దగ్గరే ఉండేది,
అరిగిన మడమలు, మేకులు, జిగురు డబ్బా ఉన్న సొరుగులో.
పొద్దున పదింటికోసారి, మూడింటికోసారి
వెనకసందులో, కట్టెల మోపు చాటున
ఇద్దరం నిలబడేవాళ్ళం గోడకేసి చూస్తూ.
ఒకే గోడ, ముప్ఫై ఏళ్ళు.
దాని పగుళ్ళు నా అరచేతి గీతలకన్నా నాకు బాగా తెలుసు.
తర్వాత ఏదో ఆకు నమలడం, వేళ్ళకు పిండి రుద్దుకోవడం.
నా మొగుడు పోయేదాకా
నా ఒంటిమీది పొగంతా పొయ్యిదేననుకున్నాడు.
పాపం పొయ్యి.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
నాకిప్పుడు పొద్దస్తమానం నిప్పే.
బావిలాంటి మట్టిపొయ్యిలోకి నడుం దాకా వంగి
పడవల్లాంటి రొట్టెల్ని లోపలి గోడకు అంటించేటప్పుడు
ఆ ఎర్రటి అడుగు పేరుపెట్టి పిలుస్తుంది:
లమ్జిరా, ఒక్క దమ్ము.
దమ్ముంటే పైకి లే, అంటాను నాకు నేనే.
లేస్తాను.
కనుబొమలు కమిలిన వాసన.

మొదటి మూడు రోజులు చేతులు నావి కావు.
చిల్లర తప్పు లెక్కపెట్టాను.
ఒక ముసలాయనకు రొట్టెకు బదులు
పిండిగుడ్డ చుట్టిచ్చాను, ఆయన సగం వీధి మోసుకుపోయాడు.
పొద్దుతిరుగుడు గింజలు కొరికి కొరికి నాలుక తోలు లేచింది.
ఐదో రోజు ఏడ్చాను, పిండిలో ఉప్పు తక్కువైందని.
కొట్టు యజమానురాలు త్సియాలా జలుబా అంది.
జలుబే అన్నాను.

మానేసింది పొగ ఒక్కటే అనుకున్నాను.
ఆరో రోజు పదింటికి కాళ్ళు వాటంతటవే సందులోకి నడిచాయి.
వాజా అక్కడే ఉన్నాడు.
ఉత్త చేతులతో వెళ్ళి పక్కన నిలబడ్డాను.
అతను వెలిగించబోయి, ఆగి, జేబులో పెట్టేసుకున్నాడు.
ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు.
ఇన్నేళ్ళూ కబుర్లు చెప్పుకున్నామనుకున్నానే,
నిజానికి ఊపిరి వదిలేవాళ్ళం, అంతే.
"చలిగా ఉంది," అన్నాడు. ఉంది.
"వెళ్తాను," అన్నాను. వెళ్ళాను.
సిగరెట్ కోసం సందులో నిలబడితే అది దొంగతనం.
సిగరెట్ లేకుండా నిలబడితే
దానికి పేరేమిటి? ఏభై నాలుగేళ్ళ దాన్ని,
ఆ రాత్రంతా పేరు వెతికాను.

దగ్గు తగ్గింది. మెట్ల మధ్యలో ఆగడం లేదు.
రొట్టె మాడబోయే ముందు తీపివాసనొకటి వస్తుంది,
కన్ను మూసి తెరిచేంతసేపు.
ఇన్నాళ్ళూ నా ముక్కు కిందే ఉంది, నాకే తెలియదు.
ఇవన్నీ లాభాలే.
ఎవరికి చూపించుకోను ఈ లెక్క?

నిన్న గడపలోంచే అడిగాను:
"సొరుగులో ఎన్నున్నాయి?"
"నాలుగు."
"ఉండనీ."

ఇవాళ వాన. మళ్ళీ అడిగాను.
అతను మడమకు మేకు కొడుతున్నాడు, తల ఎత్తలేదు.
"మూడు."
నేను తీయలేదు.
అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.
నావి సన్నవి, గడ్డిపరకల్లా ఉంటాయని
ముప్ఫై ఏళ్ళు వెక్కిరించినవాడు.

ఏమీ అనలేదు.
అప్పుడే పొయ్యిలోంచి ఊడదీసిన రొట్టెను
చేతులు మార్చుకుంటూ తెచ్చి
అతని బల్లమీద మేకుల మధ్య పెట్టాను.
కొస నేనే విరుచుకున్నాను, నోరు కాలింది.
రేపు రెండంటాడేమో.
అడుగుతాను.